ఆరో సీటులో సంచి

కారులో సీటు లేని మనిషిని కుటుంబం లెక్కలోంచి తీసి సామాను కింద నమోదు చేసే పద్ధతి మొదలై పదకొండేళ్ళయింది కాబట్టి, పుల్లేటి దొరబాబు బండి మార్చాల్సి వచ్చినప్పుడు కాకినాడలోని ఆ ఇంట్లో ఎవరూ ప్రత్యేకంగా కంగారు పడలేదు. అతని పాత ఆరు సీట్ల వ్యానుకి పదిహేనేళ్ళు నిండాయి. దాన్ని తుక్కుకి అప్పగించమనీ, ముప్పై రోజుల్లోగా కొత్త బండి చూపించి కుటుంబాన్ని మళ్ళీ నమోదు చేయించుకోమనీ సీట్ల శాఖ నుంచి నోటీసు వచ్చింది. నోటీసు వెనకవైపు ఎప్పటిలాగే చిన్న అక్షరాల్లో నిబంధనలు ఉన్నాయి. దొరబాబు వాటిని ఒకసారి చదివి, ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించాడు.

నిబంధనలు అందరికీ తెలిసినవే. బండిలో ఎన్ని సీట్లుంటే కుటుంబంలో అంతమంది. మనుషులు ఎక్కువై సీట్లు తక్కువైతే, మిగిలిన మనిషికి రెండు దారులుంటాయి. ఒకటి, మిగులు జాబితాలో పేరు ఇవ్వడం. ఎవరి బండిలోనైనా ఖాళీ సీటు ఉంటే శాఖ వరుస ప్రకారం అక్కడికి పంపుతుంది. ఆ రోజు నుంచి వాళ్ళే కుటుంబం. రెండోది, సొంత ఇంట్లోనే సామానుగా ఉండిపోవడం. సామానుగా నమోదైన మనిషికి డిక్కీలో కొన్ని లీటర్లు కేటాయిస్తారు. శరీరం తొమ్మిది రోజుల్లో ఆ లీటర్లకు సర్దుకుంటుంది. నొప్పి ఉండదని శాఖవారి కరపత్రంలో ఉంది. నొప్పి ఉందని ఫిర్యాదు చేసిన సామాను ఇంతవరకూ లేదు.

ఖాళీ సీట్లతోనూ చిక్కు ఉంది. దొరబాబు వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో మూడువందల రెండో ఫ్లాటువాళ్ళు ఐదుగురే అయినా సరదాపడి ఏడు సీట్ల బండి కొన్నారు. మూడు నెలల్లో శాఖ ఇద్దరిని పంపింది. ఒకావిడ తుని నుంచి వచ్చింది, రోజంతా టీవీ ముందే ఉంటుంది. రెండో ఆయన రిటైరైన రైల్వే టీసీ. ఇంట్లో ఎవరు బాత్రూమ్ వైపు వెళ్ళినా "ఎక్కడికి?" అని అడుగుతాడు. మొదట్లో ఆ ఇంటి పిల్లలు నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఆగి, ఎక్కడికో చెప్పి వెళ్తున్నారు.

దొరబాబు ఇంట్లో ఆరుగురు. అతను, అతని భార్య సుభాషిణి, ఇద్దరు ఆడపిల్లలు, మావగారు అచ్యుతం, అక్క మంగతాయారు. దొరబాబు ఓడరేవు రోడ్డులో ఒక వేబ్రిడ్జిలో పనిచేస్తాడు. లారీని నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచి తేడా రాస్తాడు. సుభాషిణి బడిలో లెక్కలు చెబుతుంది. పెద్దమ్మాయి జోషిత ఇంటర్మీడియట్, చిన్నది లిఖిత ఎనిమిదో తరగతి. అచ్యుతం చేపల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. మంగతాయారుకి యాభై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడికి తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోతే అతన్ని పెంచింది. జాకెట్లు కుట్టి చదివించింది. ఇప్పుడు కూడా వీధి వైపు గదిలో ఆమె కుట్టుమిషను ఉంది. ఇంట్లో వంట ఆమెదే.

ఆరు సీట్ల బండ్లు ఇప్పుడు రావడం లేదు. షోరూములో ప్రవల్లిక అనే అమ్మాయి వాళ్ళకి ఉన్న రెండు రకాల బండ్లూ చూపించింది. ఒకటి ఏడు సీట్ల పెద్దది. రెండోది ఐదు సీట్లది, పొట్టిది, ఎత్తుగా ముద్దుగా ఉంది.

"ఫ్యామిలీలో ఎంతమందండీ?" అని అడిగింది.

"ఆరుగురు."

"ఏడు సీట్లదైతే ఒక సీటు మిగులుద్దండి. శాఖవాళ్ళు ఎవర్నో ఒకర్ని పంపుతారు. ఐదు సీట్లదైతే ఒక మనిషి మిగులుతారు. ఎవర్ని తీసేద్దామనుకుంటున్నారు సార్?"

"ఇంకా అనుకోలేదమ్మా."

"పర్లేదండి. చాలామంది ముందు రంగు అనుకుంటారు."

ఆ అమ్మాయి చిన్న బండి డిక్కీ తలుపు తెరిచింది. "మూడొందల ఇరవై ఎనిమిది లీటర్లండి. ఈ సైజు బండ్లల్లో ఇదే పెద్ద డిక్కీ. లోపల లైటుంది, వాటర్ బాటిల్ పెట్టుకోడానికి గూడుంది. పెద్దవాళ్ళున్న ఇళ్ళల్లో ఇది చూసే తీసుకుంటున్నారండి," అంది. లిఖిత లోపలికి వంగి లైటు వేసి ఆర్పి చూసింది. సుభాషిణి పై కప్పులో ఉన్న అద్దం కిటికీని చూస్తోంది. అచ్యుతం అప్పటికే ముందు సీటులో కూర్చుని సీటుని వెనక్కి జరుపుకున్నాడు.

మంగతాయారు షోరూముకి రాలేదు. రావాలని ఎవరికీ తోచలేదు, ఆమెతో సహా.

ఆ సాయంత్రం పెసరట్లు తింటూ ఇంట్లో మాట్లాడుకున్నారు. సుభాషిణి చెప్పిన కారణాలన్నీ న్యాయమైనవే. కింద పార్కింగులో వాళ్ళ చోటు రెండు స్తంభాల మధ్య ఉంది. పెద్ద బండి పెడితే ఒకవైపు తలుపులు తెరుచుకోవు. రోజూ బడికి నడుపుకుని వెళ్ళేది తనే. "అయినా మూడో వరుసలో మనిషెవరు కూర్చుంటారండీ? మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. పేరుకే ఏడు సీట్లు. ఆ ఏడో సీటులోకి ఎవరొస్తారో. టీసీలాంటోడొస్తే ఆడపిల్లల్ని పెట్టుకుని నేనేం చెయ్యను?"

"నాకు మాత్రం ముందు సీటమ్మా," అన్నాడు అచ్యుతం. "మోకాళ్ళు వంగవు. ముందే చెప్తున్నా."

"మీ సీటెవరూ అడగట్లేదు నాన్నా. తినండి."

దొరబాబు పళ్ళెంలో ఉన్న అట్టు పూర్తిచేశాడు. మంగతాయారు వంటింట్లోంచి ఇంకో అట్టు తెచ్చి అతని పళ్ళెంలో వేసింది. "మీకు నచ్చిందేదో కొనుక్కోండర్రా. నా గురించి చూసుకోకండి. నేనేమన్నా ఊరేగుతానా ఏంటి?" అంది. తర్వాత, "అల్లం పచ్చడి చాలా?" అని అడిగింది.

ఆ మాటతో చర్చ ముగిసినట్టు అందరూ చేతులు కడుక్కున్నారు. మిగిలేది ఎవరన్నది ఒక్కరూ పేరుపెట్టి అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. గదిలో గోడ ఎక్కడుందో తెలుసుకోవడానికి ఎవరూ గోడని తడిమి చూడరు.

ఆ వారమంతా దొరబాబు వేబ్రిడ్జి దగ్గర పరధ్యానంగా ఉన్నాడు. లారీని నిండుగా తూచినప్పుడూ ఖాళీగా తూచినప్పుడూ డ్రైవరు కిందికి దిగడు. రెండుసార్లూ లోపలే ఉంటాడు కాబట్టి అతని బరువు బండి బరువులో కలిసిపోతుంది. సరుకు లెక్కలోకి రాదు. ఇరవై ఏళ్ళుగా ఈ తేడాలు రాస్తున్న దొరబాబుకి, తన ఇంట్లో అక్క బరువు ఎప్పుడూ విడిగా తూగలేదన్న సంగతి ఇప్పుడే తట్టింది. ఆమె లేకుండా అతను ఒక్కసారీ కాటా ఎక్కలేదు.

ఇంకో విషయం అతన్ని వదలలేదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకి నర్సీపట్నం నుంచి కాకినాడ వచ్చిన రోజు. బస్సు ఆగకముందే జనం మీద పడ్డారు. మంగతాయారు భుజం మీది తువ్వాలు తీసి కిటికీలోంచి ఒక సీటు మీదికి విసిరింది. లోపలికి వెళ్ళేసరికి ఒక మీసాలాయన ఆ తువ్వాలు పక్కకి జరిపి కూర్చోబోతున్నాడు. "తువ్వాలు కనపళ్ళేదా? ఆ సీటు మావోడిది," అని ఆమె అరిచిన అరుపుకి ఆయన లేచి నిలబడ్డాడు. ఆమె తమ్ముణ్ణి కూర్చోబెట్టి, మూడు గంటలూ రాడ్డు పట్టుకుని నిలబడింది. దొరబాబు దారి పొడుగునా సూత్రాలు చదువుకున్నాడు. ఆ రోజు ఆమె నిలబడి ఉందన్న సంగతి అతను చూశాడో లేదో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. తువ్వాలు మాత్రం గుర్తుంది. ఆకుపచ్చ అంచు.

సీట్ల శాఖ నియమం ప్రకారం ప్రతి కుటుంబమూ కొనేముందు ట్రయల్‌కి వెళ్ళాలి. ఐదు సీట్ల తరగతికి ఒక ట్రయల్, ఏడు సీట్ల తరగతికి ఒక ట్రయల్. రెండోసారి ఇవ్వరు. ప్రతి సీటు కిందా ఒక మీటరు ఉంటుంది. బరువు పడి, బెల్టు బిగిస్తే ఆ సీటు భర్తీ అయినట్టు రాసుకుంటుంది. బండి తిరిగి షోరూముకి చేరేసరికి ఏ సీటు ఎవరిదో రికార్డు తయారవుతుంది.

మొదటి ఆదివారం చిన్న బండిలో ఉప్పాడ బీచి రోడ్డు మీదుగా వెళ్ళి వచ్చారు. ఐదు సీట్లు, ఐదుగురు. మంగతాయారు ఇంటి దగ్గరే ఉంది. బండి మెత్తగా వెళ్ళింది. లిఖిత పైకప్పు అద్దంలోంచి తల బయటికి పెట్టి అరిచింది. సుభాషిణి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, చాలా రోజుల తర్వాత, ఊరికే నవ్వింది. వెనక్కి వచ్చేటప్పుడు దొరబాబుకి ఆ బండి నచ్చిందన్న విషయం తెలిసింది. తెలిసి, భయపడ్డాడు.

ఆ భయంతోనే అతను ఏడు సీట్లదే కొనాలని నిశ్చయించుకున్నాడు. సుభాషిణికి చెప్పాడు. ఆమె, "సరేనండి. వదినగారిని డిక్కీలో వేశామన్న మాట నాకెందుకు? స్తంభానికి గీసుకుంటే మాత్రం నన్ననొద్దు," అంది.

రెండో ఆదివారం పొద్దున్నే దొరబాబు వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాడు. "అక్కా, ఇవాళ నువ్వు రావాలి. ట్రయలు. కచ్చితంగా రావాలి."

"వస్తాన్రా. ఎందుకు రానూ? పులిహోర కలిపేసి, గ్యాసు కట్టేసి వస్తా. మీరు దిగండి."

అందరూ దిగారు. పెద్ద బండి గేటు ముందు నిలబడి ఉంది. మూడో వరుసలోకి వెళ్ళాలంటే మధ్య సీటు మడవాలి. జోషిత, లిఖిత ఇద్దరూ మధ్య వరుసలో తల్లికి చెరో పక్కా కూర్చున్నారు. అచ్యుతం ముందు కూర్చున్నాడు. మంగతాయారు ముందుగానే కిందికి పంపిన సంచిని దొరబాబు మూడో వరుసలో ఆరో సీటు మీద పెట్టాడు. అందులో టిఫిను క్యారేజీ, నీళ్ళ సీసాలు, పళ్ళేలు, ఒక దుప్పటి ఉన్నాయి. అప్పుడు మూడో అంతస్తు బాల్కనీలోంచి మంగతాయారు గొంతు వినిపించింది.

"దొరా, పాలవాడు ఇంకా రాలేదు. మీరెళ్ళి రండి."

"సరే అక్కా," అన్నాడు దొరబాబు.

ఆ మాట తను అనలేదని తర్వాత అతను చాలాసార్లు అనుకున్నాడు. అది అతని నోటిలోంచి వచ్చింది, అంతే. ముప్పై ఏడేళ్ళుగా ఆ పిలుపుకి అతని దగ్గర ఉన్న జవాబు అదొక్కటే. తుమ్ముకి ముందు ఎవరూ ఆలోచించరు. అతను డోరు వేసి, సీటులో కూర్చుని, బండి తీశాడు.

సర్పవరం దాటేసరికి బీప్ మొదలైంది. ఆరో సీటు మీద బరువుంది, బెల్టు లేదు. బండి దాన్ని సహించదు.

"ఆ గోల ఆపండి అల్లుడుగారూ, చెవులు చిల్లులు పడతన్నాయి," అన్నాడు అచ్యుతం.

"ఆ సంచి తీసి కింద పెట్టు జోషీ," అన్నాడు దొరబాబు.

"కింద చోటు లేదు నాన్నా. పులిహోర ఒలికిపోద్ది."

దొరబాబు బండి పక్కకి ఆపి, వెనక తలుపు తీసి, జోషితని దింపి, మధ్య సీటు మడిచి, లోపలికి వంగి, సంచి చుట్టూ బెల్టు తిప్పి బిగించాడు. టక్కుమని శబ్దం వచ్చింది. బీప్ ఆగింది. దుప్పటి ఉండడం వల్ల సంచి నిటారుగా, సర్దుకుని కూర్చున్నట్టే ఉంది.

బీచిలో సరుగుడు చెట్ల కింద దుప్పటి పరిచి పులిహోర తిన్నారు. మంగతాయారు సంచిలో ఐదు పళ్ళేలే పెట్టింది. ఐదుగురికి ఐదు. దొరబాబు వాటిని పంచుతూ లెక్క సరిపోయిందని అనుకున్నాడు. నీళ్ళు తాగుతూ లిఖిత "అత్తని తీసుకొస్తానన్నావుగా నాన్నా?" అని అడిగేదాకా అతనికి అందులో తప్పేమిటో తెలియలేదు. బండిని వెంటనే తిప్పి అక్కని ఎక్కించుకుందామా అని సుభాషిణిని అడిగాడు. "షోరూము టైము పన్నెండింటిదాకేనండి, ఇప్పుడు పదకొండున్నర," అంది ఆమె. అది నిజమే.

సీట్ల శాఖ కార్యాలయంలో నమోదు అధికారి పేరు కమలాకరం. నెమ్మదైన మనిషి. బల్ల మీద ఒక గాజుగ్లాసులో మజ్జిగ, దాని మీద మూతగా ఒక పాత దరఖాస్తు మడతపెట్టి ఉన్నాయి. అతను ట్రయల్ రికార్డు రెండుసార్లు చదివాడు.

"ఏడు సీట్ల బండిలో ఆరు సీట్లు భర్తీ అయ్యాయండి. ఆరో సీటులో ఒక సంచి."

"అది సంచండి. మనిషి కాదు."

"బరువు పదకొండు కిలోలు. బెల్టు పెట్టి ఉంది. బెల్టు మీరే పెట్టినట్టుంది."

"బీప్ మోగుతుంటే పెట్టానండి."

"అందరూ అందుకే పెడతారు," అన్నాడు కమలాకరం. అందులో వెటకారం లేదు. "ఇప్పుడు మీరు ఏడు సీట్లది తీసుకుంటే సంచి కుటుంబ సభ్యురాలు కింద వస్తుందండి. పేరేం రాయమంటారో చెప్పాలి. ఏడో సీటు ఖాళీ. అది శాఖది."

"ఆ ఏడోది మా అక్కకి ఇవ్వండి."

"అలా ఇవ్వరండి. వరుస ప్రకారం వెళ్తుంది. మీ అక్కగారు జాబితాలో చేరితే ఆవిడ నంబరు నాలుగువేలా చిల్లర. మీ ఇంటికి ఆవిడకంటే ముందున్నవాళ్ళొస్తారు. ఆవిడ ఎక్కడ ఖాళీ అయితే అక్కడికెళ్తారు."

దొరబాబు కుర్చీ అంచుకి జరిగాడు. మొదటిసారి అతని గొంతు పెరిగింది. "అయ్యా, వినండి. బస్సులో సీటు కోసం తువ్వాలు వేస్తాం కదా. ఆ తువ్వాలు మనిషి కాదు. మనిషొస్తున్నాడని గుర్తు. ఆ సంచి కూడా అంతే. మా అక్కకి సీటు ఆపుదామని పెట్టాను."

ఆ మాట అబద్ధమని అతనికి తెలుసు. అయినా చెబుతున్నకొద్దీ అతనికి ఆ సంచిని ఆరో సీటు మీద పెట్టిన క్షణం కనిపించింది. చేతిలో ఆకుపచ్చ అంచు తువ్వాలు ఉన్నట్టు కూడా కనిపించింది. కళ్ళు తడిశాయి. తను నిజంగానే సీటు ఆపాడని అతను నమ్మాడు.

కమలాకరం ఆలోచించాడు. అది కొట్టిపారేయవలసిన వాదన కాదు. అలాంటి సందర్భం నిబంధనల్లో ఉంది. అతను పేజీలు తిప్పి, పద్నాలుగో నిబంధన దగ్గర వేలు పెట్టాడు.

"తువ్వాలు వేసిన తర్వాత మనిషి వచ్చి కూర్చుంటే సీటు మనిషిదండి. ప్రయాణం పూర్తయ్యేలోగా రాకపోతే తువ్వాలుదే. మీ అక్కగారు వచ్చి కూర్చున్నారా?"

"లేదు."

"పిలిచారా?"

"పిలిచాను. పాలవాడు రాలేదంది."

"మీరేమన్నారు?"

దొరబాబు గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు. కమలాకరం జవాబు కోసం ఎదురుచూశాడు, రాకపోయేసరికి ఫారంలో జవాబు రాసే గడిలో ఒక అడ్డగీత గీశాడు. తర్వాత మజ్జిగ గ్లాసు మీది కాగితం తీసి ఒక గుక్క తాగాడు.

"ఐదు సీట్ల రికార్డు శుభ్రంగా ఉందండి. ఐదుగురూ మనుషులే. ఆవిడ మీతోనే ఉండాలంటే అదొక్కటే దారి. నా మాట వినండి. చాలామంది బయటి సీటులో మనిషిగా ఉండడం కంటే సొంతవాళ్ళ దగ్గర సామానుగా ఉండడానికే ఇష్టపడతారు. నేను చూస్తుంటాను కదా."

దొరబాబు ఇంటికి వచ్చి చెప్పాడు. కుట్టుమిషను ముందు కూర్చుని ఒక గులాబీ రంగు జాకెట్టుకి హుక్కులు కుడుతున్న మంగతాయారు, దారం పళ్ళతో కొరికి, తల ఎత్తకుండా అంది. "ఆ ముక్కకి అంత మొహం వేలాడేసుకోవాలేంట్రా? నాలుగువేల నంబర్లు పట్టుకుని ఎవరింటికో పోయి వాళ్ళ ఉప్పెంతో కారమెంతో నేర్చుకోవాలా నేను? ఇక్కడే ఉంటా."

"నువ్వు జాబితాలో చేరితే మనిషివిగానే ఉంటావక్కా."

మంగతాయారు సూది ఆపింది. ఒక్క క్షణం ఆ మాట గురించి నిజంగానే ఆలోచించినట్టు కనిపించింది. ఆ ఒక్క క్షణమే ఆమె మొహం దొరబాబుకి తెలియని ఆడమనిషి మొహంలా ఉంది. "నీకు పొద్దున్న టిఫినెవరు పెడతారు?" అంది.

మంగళవారం శాఖ నుంచి ఒకమ్మాయి టేపు, పుస్తకం పట్టుకుని వచ్చింది. రెండు సూట్‌కేసులకీ పిల్లల సంచులకీ చోటు వదలగా నూట అరవై లీటర్లు మిగిలాయి. మంగతాయారు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే ఆ అమ్మాయి కొలతలు తీసింది. మంగతాయారుకి ఆ పద్ధతి నచ్చలేదు.

"టేపు వదులుగా పట్టావమ్మాయ్. లాగి పట్టు. జాకెట్టుకైతే వదులు పెట్టాలి, దీనికెందుకు? ఇంకో పది లీటర్లు తగ్గుద్ది, పిల్లల బూట్లు పట్టుకుంటాయి."

ఆ అమ్మాయి లాగి పట్టింది. నూట యాభై లీటర్లని రాసింది. మంగతాయారు వేలిముద్ర వేయబోయిన చోట సంతకం కావాలని చెబితే సంతకం చేసింది. సామాను కింద నమోదయ్యేవాళ్ళు సంతకం చేయడం అదే ఆఖరిసారి కాబట్టి శాఖవాళ్ళు మంచి పెన్ను ఇస్తారు.

తొమ్మిది రోజులూ కరపత్రంలో ఉన్నట్టే జరిగాయి. రెండో రోజుకి గాజులు జారిపోయాయి. వాటిని జోషిత తీసుకుంది. నాలుగో రోజుకి ఉప్పుడబ్బా ఉన్న అర అందలేదు. లిఖిత స్టూలు వేసింది. ఆరో రోజుకి స్టూలూ చాలలేదు. ఆ రోజు నుంచి సుభాషిణి ఐదింటికి లేచి వంట చేసింది. తొమ్మిదో రోజుకి మంగతాయారు కుట్టుమిషను కింద, తొక్కే పలకకీ చక్రానికీ మధ్య ఉన్న జాగాలో హాయిగా పట్టింది. ఇంట్లో ఉన్నప్పుడు సామాను నడిచే దారికి అడ్డం లేకుండా ఉండాలన్న నిబంధనకి ఆ చోటు సరిపోయింది. గొంతు మాత్రం తగ్గలేదు. మిషను కిందనుంచే ఆమె "చింతపండు ఇంకాస్త పిండమ్మాయ్, సుభా" అని చెప్పేది. సుభాషిణి పిండేది. మొదట్లో కొంగుతో కళ్ళు తుడుచుకునేది. తర్వాత పోపు పొగ అని చెప్పేది. తర్వాత ఏమీ చెప్పేది కాదు.

కొత్త బండికి తలుపులమ్మ లోవలో పూజ చేయించారు. పూజారి నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, బానెట్టు మీద పసుపుతో బొట్లు పెట్టి, గుమ్మడికాయ తిప్పాడు. "కుటుంబం పేర్లు చెప్పండి," అంటే దొరబాబు ఐదు పేర్లు చెప్పాడు. పూజారి ఐదు పేర్లూ చదివి, అలవాటుగా, "సహ సామానునాం" అని చేర్చాడు. కర్పూరం దొరక్క అందరూ జేబులు తడుముకుంటుంటే డిక్కీలోంచి మంగతాయారు, "నీలం సంచి పక్క జేబులో ఉంది చూడండర్రా," అంది. ఉంది. నిమ్మకాయలు నలిగాయి. బండి కదిలింది.

దొరబాబు ఊహించుకున్నంత బాధ అతనికి కలగలేదు. అందుకు కొన్నాళ్ళు తనని తాను అసహ్యించుకున్నాడు. ఆ అసహ్యాన్ని కూడా అతను జాగ్రత్తగా గమనించాడు. అందులో ఒక రకమైన సుఖం ఉంది. బాధపడుతున్న మనిషి మంచివాడే అయి ఉండాలన్న సుఖం. కొన్ని వారాలకి అదీ తగ్గిపోయింది. పార్కింగులో బండి రెండు స్తంభాల మధ్య సరిగ్గా పట్టేది. నాలుగు తలుపులూ తెరుచుకునేవి.

మాఘమాసంలో ఒక ఆదివారం సామర్లకోటలో గృహప్రవేశం ఉంది. సుభాషిణి వేలు విడిచిన తమ్ముడిది. పొద్దున్నే అందరూ కిందికి దిగారు. దొరబాబు ముందుగా సూట్‌కేసు, తర్వాత బూట్ల సంచి, తర్వాత అక్కని డిక్కీలో సర్దాడు. మెడ దగ్గర చిన్న దిండు పెట్టాడు. "చాల్లేరా, వెయ్యి తలుపు," అంది మంగతాయారు. అచ్యుతం ముందు సీటులో కూర్చుని సీటుని వెనక్కి జరుపుకున్నాడు. పిల్లలిద్దరూ వెనక చెరో కిటికీ దగ్గరా కూర్చున్నారు. మధ్య సీటు మీద లిఖిత టిఫిను క్యారేజీ ఉన్న సంచి పెట్టింది, అమ్మ వచ్చేదాకా.

అప్పుడు మూడో అంతస్తు బాల్కనీలోంచి సుభాషిణి గొంతు వినిపించింది.

"ఏవండీ, పాలవాడు ఇంకా రాలేదు. మీరెళ్ళి రండి."

దొరబాబు తల ఎత్తి చూశాడు. ఎండ కళ్ళలో పడి ఆమె మొహం కనిపించలేదు. బాల్కనీ గ్రిల్లు మీద పెట్టిన చెయ్యి మాత్రం కనిపించింది. చేతికి పిండి అంటుకుని ఉంది. గృహప్రవేశం వాళ్ళది ఆమె పుట్టింటివైపు. వెళ్ళాల్సింది ఆమె. ఈ ఆలోచన అతనికి పూర్తిగా, స్పష్టంగా వచ్చింది. అతను నోరు తెరిచాడు.

"సరే సుభా," అన్నాడు.

గేటు దాటి మెయిన్‌రోడ్డు ఎక్కేసరికి బీప్ మొదలైంది.

"అదిగో, మళ్ళీ," అన్నాడు అచ్యుతం.

జోషిత ఫోనులోంచి కళ్ళు తీయకుండానే ఒక చేత్తో బెల్టు లాగి, సంచి చుట్టూ తిప్పి, బిగించింది. టక్కుమంది. బీప్ ఆగింది.

డిక్కీలోంచి మంగతాయారు అడిగింది. "లిఖీ, మీ అమ్మ పళ్ళేలు ఎన్ని పెట్టిందే?"

లిఖిత సంచి జిప్పు తీసి చూసింది. "నాలుగత్తా."

"సరిపోతాయి," అంది మంగతాయారు.

దొరబాబు అద్దంలో వెనక సీటు చూశాడు. రెండు కిటికీల మధ్య సంచి నిటారుగా, బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంది. బండి లోపల నిశ్శబ్దంగా ఉంది. చిన్నప్పటి నుంచీ అతనికి తెలిసిన నిశ్శబ్దమే అది. అందరూ ఎక్కినట్టే అనిపించి, అతను గేరు మార్చాడు.